బాబాయి మీసం, ఫోను తాళం

మొన్న కొత్త ఫోను కొన్నాను. తెరవగానే "మీ ముఖం చూపించండి" అంది. చూపించలేదు, అంకెలే పెట్టుకున్నాను. "ఉక్కు ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్లో జుట్టు నెరిసినవారు, ముఖం చూపడానికి భయమేమిటి?" అంది మా ఆవిడ. భయం కాదు, సిగ్గు.

పెందుర్తిలో మా బాబాయీ పిన్నీ ఉండేవారు. బాబాయి పోర్టులో క్రేను నడిపి, ఆ మోతకి చెవులు సగం అక్కడే వదిలేసి రిటైరయ్యాడు. పిన్నికి మోకాళ్ళ నొప్పులు. వంటింట్లోంచి ఆవిడ అరిచేది, అరుగు మీద ఈయన పేపరు చదువుకునేవాడు. ఇంట్లో ఓ కంప్యూటరోడు ఉండి ఏం లాభమని, ఇద్దరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు నేర్పాను. అప్పటినుంచి పిన్ని పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే ఫోనులో పిలిచేది. ఆయన చెవికి ఆనించుకుని విని, లేచి వెళ్ళేవాడు. ఒకే ఇంట్లో టపా నడుస్తోందని పక్కింటివాళ్ళు నవ్వుకునేవారు. మనవలు కెలికి చెరిపేయకుండా ఆ మెసేజీలకి బాబాయి ముఖమే తాళంగా పెట్టాను. ముఖం కుదరకపోతే నొక్కాల్సిన అంకెలేవో కూడా నేనే పెట్టి, "మీ ముఖం మీరెక్కడా మర్చిపోరు కదా" అని గొప్పగా జోకు వేశాను.

వేసవిలో పిన్ని పోయింది. ఆసుపత్రి హడావుడిలో ఆవిడ ఫోను ఎక్కడో జారిపోయింది. ఉన్నది కూతుళ్ళే, కొడుకుల్లేరు కనుక కర్మ బాబాయే చేశాడు. తలతోపాటు తన నల్లటి గుబురు మీసమూ తీయించేశాడు. భోజనాలయ్యాక అందరిలో కూర్చుని, "ఓపాలి దాని గొంతు ఇనాలనుందిరా" అంటూ ఫోను తీశాడు. తాళం తెరుచుకోలేదు. ముఖం దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు. అందరూ నావైపు తిరిగారు. నాకు అంకెలు గుర్తు రావడం లేదు. తోచినవన్నీ నొక్కాను, ఒక్కటీ పనిచేయలేదు. వాట్సాప్ తీసి మళ్ళీ వేస్తే ఆ గొంతు మొత్తానికే పోతుంది. ఇంకోచోట దాచిపెట్టే ఏర్పాటు నేను చేయనేలేదు.

"ఏట్రా, నన్ను పోల్సుకోనేదా ఇది? మీ పిన్నైతే ఈ గుండుతోనే పోల్సీది," అన్నాడు బాబాయి. తిట్టినా బాగుండేది. నా చెమట చూసి ఆయనే సర్దేశాడు. "పోన్లేరా. మీసం రానీ, సూద్దాం." ఆ మాటతో నా తల ఇంకా కిందికి దిగింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ముందు ఆయన మీసం వైపు చూసేవాణ్ణి. అది చిగురిస్తోందో లేదో చూడటానికి చుట్టపుచూపు పేరుతో వెళ్ళడం ఎంత నామర్దా!

కార్తీకంలో కబురు పెట్టాడు. మీసం నిండుగా వచ్చింది కానీ తెల్లగా వచ్చింది. ప్రతి ఆదివారం దానికి రంగు వేసే పిన్ని లేదు. ఇక తెరుచుకోదనుకున్నాను. తెరుచుకుంది. చివరి మెసేజీ నొక్కాడు.

"ఏటండీ, టీ సల్లారిపోతంది. మల్లీ ఎచ్చబెట్టను, సెప్తన్నాను."

"వత్తన్నానే," అంటూ బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. నావైపు చూడకుండా మళ్ళీ కూర్చున్నాడు. ఆయనకి ఆ వేసవీ వానలూ ఒక్క పిలుపుతో లేనట్టే అయిపోయాయి. గడిచిన ఆ కాలమంతా నాకు మాత్రం సిగ్గుగా మిగిలిపోయింది.