అమ్మమ్మ మళ్ళీ తూచిన తూటా

నా చిన్నప్పుడు, చర్ల దగ్గరి మా ఊళ్ళో మా తాతయ్యకు పెద్ద వేటగాడని పేరు. ఆయన గురి గురించి సంతలో కథలు కథలుగా చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్ళకు తెలియనిదేమిటంటే, ఆయన తుపాకిలో పడే ప్రతి తూటానూ నింపేది మా అమ్మమ్మ. తాతయ్యకు దూరపు చూపు బ్రహ్మాండంగా ఉండేది గానీ దగ్గరిది ఆనేది కాదు. పళ్ళెంలో చేపముల్లు కూడా అమ్మమ్మే ఏరి పెట్టాలి. అలాంటి మనిషికి తుపాకి మందు తూచే పని ఎవరు అప్పగిస్తారు?

ఆయనది లైసెన్సు ఉన్న పాత రైఫిలు. దానికి సరిపోయే కొత్త తూటాలు ఎక్కడా దొరికేవి కావు. పేలిన ఇత్తడి గుల్లలనే ఏరి తెచ్చుకుని, కడిగి ఆరబెట్టి మళ్ళీ నింపుకోవాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక పొయ్యి పూర్తిగా ఆర్పేసి, తాతయ్య చుట్టనూ, చుట్టతో పాటు తాతయ్యనూ వాకిలి అవతలికి పంపేసి, అమ్మమ్మ గాజులు పైకి తోసుకుని కూర్చునేది. ఎదురుగా కంసాలి త్రాసు. ఒక తట్టలో తూకానికి గురువింద గింజలు, ఇంకో తట్టలో నల్లటి మందు. గుల్ల అడుగున, దెబ్బ పడితే నిప్పు పుట్టించే కొత్త టోపీ బిగించి, మందు పోసి, పైన సీసపు గుండు కూర్చేది. నాకు పక్కన కూర్చునే అనుమతి ఉండేది, మాట్లాడే అనుమతి లేదు. ఊళ్ళో నన్ను మించిన వాగుడుకాయ లేదు, అయినా అంతసేపు నోరు మూసుకునే కూర్చునేదాన్ని. త్రాసు ముల్లు నిలబడే క్షణంలో అమ్మమ్మ ముఖం చూడటం కోసమే. ఆ ముఖం మళ్ళీ ఒక్కసారి చూడాలని ఇప్పుడెంత అనిపిస్తుందో చెప్పలేను.

గుండ్లు రెండు రకాలుండేవి. అడవిపంది లాంటి వాటికి మెత్తటి సీసంతో పోసినవి. లావు ఎముకల పెద్ద జంతువుకు తగరం కలిపి గట్టిగా పోసినవి. తేడా ఏమిటని నేను ప్రాణం తీస్తుంటే అమ్మమ్మ నన్ను గడ్డివామి దగ్గరికి తీసుకెళ్ళి, ఒక తడిమట్టి ముద్ద విసరమంది. అది గడ్డి మీదే చితికి అతుక్కుపోయింది. తర్వాత ఎండిన మట్టి గోళీ విసరమంది. అది లోపలికి దూరి మాయమైంది. సాయంత్రం దాకా దాన్ని వెతుక్కుంటూనే ఉన్నాను.

"మెత్తది పైననే పరుసుకుంటది బిడ్డా. పెద్ద జంతువుకు పైపైన దెబ్బ తగిలితే అది సావదు. మనుషులను సంపుతది," అంది అమ్మమ్మ.

ఒక ఎండాకాలం, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, కోస్తా నుంచి చుట్టమొకాయన మెరిసే తుపాకీతో మా ఇంటికి వచ్చాడు. ఆయన తూటాలు మెత్తటి గుండువి. జింకకూ పందికీ తప్ప పనికిరావని తాతయ్య మర్యాదగానే చెప్పి చూశాడు. ఆయన వినలేదు. తెల్లారకముందే ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఒక అడవిదున్నను కొట్టాడు. గుండు భుజం ఎముక మీద చితికిపోయింది. దున్న పడిపోలేదు, నెత్తురు కార్చుకుంటూ వెదురు పొదల్లోకి వెళ్ళిపోయింది. చుట్టం మొదటి బస్సుకే ఊరు దాటాడు. వెళ్తూ వెళ్తూ కాఫీ తాగి, చక్కెర తక్కువైందని కూడా చెప్పి వెళ్ళాడని అమ్మమ్మ చాలా ఏళ్ళు దెప్పింది.

ఆ వెదురు పొదలను ఆనుకునే గూడెం వాళ్ళ ఇప్పచెట్లు ఉండేవి. పువ్వు ఏరడానికి వెళ్ళిన ఆడవాళ్ళను దున్న తరిమింది. బుట్టలు అక్కడే వదిలేసి పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇక ఎవరూ అటు వెళ్ళలేదు. రాలిన పువ్వు రాలినట్టే నేల మీద పాడైపోతోంది. వానాకాలంలో వాళ్ళ కడుపు నిండేది ఆ పువ్వుతోనే. మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. గాయపడ్డ జంతువును వదిలేసి వేటగాడు వెళ్ళిపోతే, ఆ మనిషికి ఏ ఇంట్లో అన్నం పెట్టారో ఆ ఇంటివాళ్ళే వెళ్ళి ఆ పని ముగించాలి. గూడెం పెద్ద వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. కోపంగా కూడా మాట్లాడలేదు. "మీ ఇంటి చుట్టమే గద అయ్యా. మీరే చూడాలె," అన్నాడు.

"అవ్. రేపు పొద్దున పోత," అన్నాడు తాతయ్య.

అమ్మమ్మ గడపలో నిలబడి అంతా వింది. గూడెం పెద్ద వెళ్ళాక తాతయ్య మీద విరుచుకుపడింది. "ముద్ద అన్నం పెట్టిన పాపానికి ఈ వయసుల నిన్ను దాని కొమ్ముల మీదికి పంపాల్నా? గిదేం న్యాయమయ్యా?" దెబ్బ తిన్న దున్న మనిషిని ముందే పసిగట్టి, పొదలో కదలకుండా కాచుకుని, దగ్గరికి వచ్చాక మీద పడుతుందని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. అమ్మమ్మ చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత లేచి పొయ్యి ఆర్పేసింది. నాకు అర్థమై వెళ్ళి పక్కన కూర్చున్నాను.

గట్టి గుండ్లను ఒక్కొక్కటే అరచేతిలో దొర్లించి, చిన్న గుంట కనబడినా పక్కన పెట్టేసింది. రెండే ఎంచింది. మందు తూచి రెండు తూటాలూ నింపింది. అయిపోయిందనుకుని నేను లేవబోయాను. అమ్మమ్మ మాత్రం రెండో తూటాను చేతిలోంచి దించలేదు. దాన్నే చూస్తూ ఉండి, పట్టుకారు తీసుకుని మెల్లగా గుండు ఊడబెరికింది. లోపలి మందును మళ్ళీ త్రాసులో పోసింది. మందున్న తట్ట కిందికి దిగింది. అమ్మమ్మ తూకం తప్పడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

"ఏడ్సుకుంట తూసిన బిడ్డా," అంది. "మీ తాత బతకాలె, బతకాలె అనుకుంట ఇంకింత పోసిన. ఈ ముసలి తుపాకి గా ఇంకింతను ఓర్వదు. ఆయన మొహం మీదనే పేలేది."

మొదటి తూటాను కూడా విప్పేసింది. పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుని, కళ్ళు ఆరేదాకా కోళ్ళను చూస్తూ నిలబడింది. పొద్దు వాలుతోందని నేను తొందరపెడితే, జల్దీ ఏం లేదని చెయ్యి ఊపింది. ఆ తర్వాత వచ్చి మొదటి గింజ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి త్రాసు ముల్లు నిలబడినప్పుడు ఆమె ముఖం ఎప్పటిలాగే ఉంది.

రెండేనా అని తాతయ్య అడిగాడు. "మూడోది కొట్టేంత సేపు అది నీకియ్యది," అంది అమ్మమ్మ.

మర్నాడు ఆయన వెళ్ళాక అమ్మమ్మ చింతపండు ముందేసుకుని గింజలు తీస్తూ కూర్చుంది. ఎండ ఎక్కుతుండగా అడవిలోంచి ఒక్క దెబ్బ వినిపించింది. రెండోది వినిపించలేదు. ఒక్క దెబ్బకు అర్థం రెండు విధాలుగా ఉండొచ్చు. నేను అమ్మమ్మ ముఖంలోకి చూశాను. ఆమె తల ఎత్తకుండా గింజలు తీస్తూనే ఉంది. చాలాసేపటికి తాతయ్య వాకిట్లోకి వచ్చాడు. ఒళ్ళంతా ముళ్ళు గీరుకుపోయి ఉంది. పేలిన గుల్లనూ, పేలని తూటానూ అమ్మమ్మ చేతిలో పెట్టాడు. అప్పుడు ఏడ్చింది అమ్మమ్మ. కింద కూలబడి, ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేలా ఏడ్చింది. "ఏందే, వచ్చిన గద," అంటూ తాతయ్య ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. దున్న పడిందని తెలిసి అటు గూడెం ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని చెట్లకిందికి వెళ్తున్నారు.

తర్వాతి రోజుల్లో తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పమన్నారు. తాతయ్య ఇచ్చేశాడు. ఇప్పుడు వేట నేరం, అదే న్యాయం. ఆ దున్నను తలుచుకుంటే నాకు ఈనాటికీ జాలే. నా బెంగ వేట మీద కాదు, పొయ్యి ఆరిన ఆ మధ్యాహ్నాల మీద.

పెళ్ళయ్యాక ఏన్కూరు వచ్చేశాను. మా ఆయనకు షుగరు ముదిరి మంచాన పడ్డాక రోజూ ఇన్సులిన్ నేనే ఇచ్చేదాన్ని. మనిషి చిక్కి సగమై కనబడుతుంటే, సిరంజిలోకి లాగే సమయానికే నాకు దుఃఖం పొంగుకొచ్చేది. అదీ ఎక్కువైతే ప్రాణం తీసేదే. సూది పళ్ళెంలో పెట్టేసి, బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని, కళ్ళు ఆరాక వచ్చి మళ్ళీ మొదటి నుంచి కొలిచేదాన్ని. ఇంతసేపు ఎందుకని ఆయన విసుక్కునేవారు.

ఆయన పోయారు. ఇప్పటికీ ఏడుపు వస్తే కాళ్ళు వాటంతటవే బయటికి నడుస్తాయి. ముఖం కడుక్కుంటాను, కళ్ళు ఆరేదాకా నిలబడతాను, లోపలికి వస్తాను. కొలిచి ఇద్దామంటే ఎవరూ లేరు.