బావ ఒడియా, అత్త పులి

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. అయినా ఉద్యోగంలో చేరిన కొత్తని ఆ రోజులు అనుకోవడంలో తప్పులేదు, ఎందుకంటే అప్పటి నేను ఇప్పుడు ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకుంటాను. ఎవరైనా కాస్త గంభీరంగా మాట్లాడితే చాలు, అందులో గాలి తీసేదాకా నాకు ఊరట ఉండేది కాదు. పెళ్ళిళ్ళలో అప్పగింతల వేళకి నన్ను ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేసేవారు. మా నాన్నయితే నా గురించి కొత్తవాళ్ళకి ముందే చెప్పేసేవాడు, “మంచోడే, నోరొక్కటే మనది కాదు” అని.

మా మేనత్తకి ఒక లోటుండేది. ఆవిడ పులిని చూడలేదు. అదేం లోటు, మేమూ చూడలేదు కదా అని మీరనవచ్చు. ఆవిడ చిన్నప్పుడు శృంగవరపుకోట అవతల కొండ కింద ఊళ్ళో ఉండగా, ఒక సాయంత్రం గెడ్డ అవతలి ఒడ్డుకి పులి వచ్చి నీళ్ళు తాగిందట. ఇంటిల్లిపాదీ ఇవతలి గట్టు మీద నుంచుని చూశారు. జ్వరంతో పడుకున్న అత్తని లేపబోతే, “పులొచ్చినా నెగను పొండి” అని దుప్పటి ముసుగేసుకుందట. అప్పట్నుంచీ ఆవిడ అక్క, అంటే మా పెద్దత్త, చెల్లెలి నోరు మూయించాల్సి వచ్చినప్పుడల్లా ఆ పులినే బయటికి తీసేది. చేపల పులుసులో ఉప్పెక్కువైందని అత్త అంటే చాలు, “పులిని సూడనిదానివి, నీకేటి తెలుసే!” అనేది. విశాఖ జూలో చూపించుకొచ్చినా లాభం లేకపోయింది. “బోనులోది పులేటే, తిండికి పనిసేస్తన్న పిల్లి” అని పెద్దత్త తీర్పిచ్చేసింది.

అంచేత ఒక చలికాలం మా బావ, అంటే అత్త కొడుకు, తల్లికి అసలైన అడవిలో అసలైన పులిని చూపించి తీరతానని ప్రకటించాడు. ఒడిశాలో సిమిలిపాల్ అనే కొండల పార్కుందనీ, అక్కడ పులులున్నాయనీ, తనకి ఒడియా కొట్టినపిండి అనీ చెప్పాడు. బావ చింతపండు వ్యాపారం మీద రాయగడ సంతకి పోయొస్తుంటాడు కాబట్టి మేమందరం నమ్మాం. (రాయగడ సంతలో సగం మంది తెలుగే మాట్లాడతారన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.) సామాన్లు మొయ్యడానికి నన్ను తీసుకెళ్ళారు. సామాన్లంటే ముఖ్యంగా మంకీ టోపీలు. మనిషికొకటి, పోతే పనికొస్తాయని పైన ఇంకో రెండు.

రైల్లో బాలాసోర్ దాకా, అక్కణ్ణుంచి రోడ్డు మీద వెళ్ళి, తెల్లారేసరికి పార్కు గేటు దగ్గరున్నాం. మా జీపు డ్రైవరు పర్లాకిమిడి మనిషి, తెలుగు మాకంటే శుభ్రంగా మాట్లాడాడు. కొండ మీదికి కాలిబాటన మమ్మల్ని నడిపించే గైడుకి మాత్రం ఒడియా తప్ప రాదు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నెమ్మదస్తుడు. “నేను కూడా వస్తాను సార్, మాటకి అడ్డం లేకుండా ఉంటుంది” అన్నాడు డ్రైవరు. బావ చెయ్యి అడ్డంగా ఊపాడు. “నువ్వు జీపు కాసుకో. బాస సంగతి నాను సూసుకుంతాను.”

కొండెక్కుతుంటే దారికి అడ్డంగా పేద్ద పేడకుప్ప కనబడింది. గైడు “హాతీ” అన్నాడు. బావ వెనక్కి తిరిగి, “ఏనుగంతన్నాడు” అని అనువదించాడు. ఆ పేడని చూస్తే ఏనుగని నాకూ తెలిసింది, దానికి ఒడియా అక్కర్లేదు, ఆ మాటే అన్నాను. అత్త నన్ను కసిరింది. “నువ్వుండ్రా. ఆడికి రాబట్టే కదా తెలిసినాది.” మోకాళ్ళు పట్టేస్తున్నా ఆవిడ ఆగలేదు. కాసేపు కూర్చోమంటే, “మీ పెద్దత్త ముందు ఎలగూ నోర్మూసుకు కూకుంతన్నాను, ఇక్కడ కూడానా?” అంది.

పైన బాట ఒక రాతిబండ దగ్గర ఆగుతుంది. కింద గడ్డి మైదానం, దాని వెనక అడవి, ఆ వెనక పొగమంచులో కొండలు. గైడు చటుక్కున ఆగి, వేలు చూపిస్తూ, గొంతు తగ్గించి, “బాఘొ... బాఘొ...” అన్నాడు. మేం బావ వంక చూశాం. బావ కొండల వంక చూశాడు. “బాగున్నాది కదా అంతన్నాడు” అని చెప్పాడు. నిజంగానే బాగుంది. గైడు ఇంకా కంగారుగా “బాఘొ!” అంటూ నోటి మీద వేలేసుకున్నాడు. “మాటాడకుండా సూస్తే ఇంకా బాగుంతాదంట” అన్నాడు బావ. అత్త రెండు మోకాళ్ళ మీదా చేతులానించుకుని గైడు వైపు తలూపింది. అంత మర్యాదస్తుడికి జవాబు చెప్పకపోతే బాగుండదని బావ బొటనవేలు పైకెత్తి, కొండలు మార్మోగేలా “బాగా! బాగా!” అని అరిచాడు.

గైడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. కాసేపు మైదానం వంక చూసి, నీరసంగా, “బాఘొ చాలిగొలా” అన్నాడు.

“బాగా చలిగా ఉందంతన్నాడు” అన్నాడు బావ. ఇదొక్కటి మాత్రం నాకూ సరిగ్గానే ఉన్నట్టు తోచింది.

“అయ్యో నాయినా, ముందే సెప్పకూడదేటి!” అంటూ అత్త నా భుజానున్న సంచీ లాక్కుని, మిగులు మంకీ టోపీ ఒకటి తీసి, అతను వద్దనేలోగా తలకి తొడిగి, గెడ్డం కిందకి లాగేసింది. టోపీలోంచి రెండు కళ్ళు మావైపు చాలాసేపు చూశాయి.

ఆ రోజంతా తిరిగినా కోతులూ జింకలూ తప్ప ఏమీ కనబడలేదు. ఎక్కేటప్పుడు లేని కుంటు దిగుతున్నప్పుడు అత్తకి వచ్చింది. “మీ పెద్దమ్మకి ఏటని సెప్పాలిరా?” అని బావని ఒక్కసారి అడిగింది, అంతే. ఆ ఒక్కసారికి మాత్రం గాలి తీద్దామంటే నాకేం దొరకలేదు.

గేటు బయట టీకొట్టు దగ్గర అత్తనీ గైడునీ బల్ల మీద కూర్చోబెట్టి, డ్రైవరు మమ్మల్నిద్దర్నీ జీపు వెనక్కి పిలిచాడు. “సార్, మావాడికో సందేహం. పులి కనబడితే మీవాళ్ళు అలా కేకలేసి పంపించేస్తారా? పులి వెళ్ళిపోయిందని చెప్తే ఆ తల్లి టోపీ ఎందుకు పెట్టారు? మీ వైపు అది ఆచారమా?”

బావ మొహం చూశాను. ఒడియాలో బాఘొ అంటే పులి అని అప్పుడే తెలిసిన మొహం అది. (నాకొచ్చిన హిందీ ప్రకారం పులంటే షేర్, కాబట్టి నేనూ గొప్పేం కాదు.) “గడ్డిలో పడుకునుందంట సార్” అన్నాడు డ్రైవరు. “తల తిప్పి ఆవిడ వైపే చూసిందంట. మీరు అరిచాకే లేచి వెళ్ళిందంట.”

“ఒరే, మా యమ్మకి సెప్పకురా. నీకు దండం పెడతాను” అన్నాడు బావ నాతో.

నా పరిస్థితి ఆలోచించండి. బావ తల్లికి చూపిస్తానన్న పులిని తనే తోలేశాడు. అత్త అడవిలో మనిషికి టోపీ పెట్టింది. ఇలాంటిది మళ్ళీ దొరకదు. నోరు తెరుచుకునే బల్ల దగ్గరికి నడిచాను. నేను మొదలెట్టేలోగా అత్తే అందుకుంది. “పులి పోతే పోనాది గానీరా, ఈ నాయినకెంత మర్యాద! కొండ మీద నాను మోకాళ్ళు పట్టుకుని నిలబడితే, బాగో? బాగో? అని ఎన్నిపాల్లు అడిగాడనీ! నా కడుపున పుట్టినోడు పొద్దున్నించి ఒక్కపాలైనా అడిగాడేటి?”

బాగో అన్న మాట వినబడగానే గైడుకి హుషారొచ్చింది. “హఁ మా! బాఘొ! బాఘొ!” అంటూ రెండు చేతులూ బారజాపి దాని పొడవు చూపించాడు.

“సూసావా, ఎంత పేనం పెట్టి అడుగుతన్నాడో! బాగున్నాను నాయినా, బాగున్నాను.”

డ్రైవరు తెలుగులో ఏదో చెప్పబోయాడు. “టీ చల్లారిపోతుంది, తాగండి” అన్నాన్నేను.

ఇంటికొచ్చిన రోజునే పెద్దత్త దిగింది. చుట్టాలందరి మధ్యా కూర్చుని, “ఏటే, కనబడ్డాదా?” అంది. అత్త తలొంచుకుంది. బావ గోడ మీద బల్లిని చూస్తున్నాడు. నేనే అన్నాను, “పెద్దత్తా, నువ్వు పులిని చూశావు. అత్తని పులే చూసింది. ఏది గొప్ప?”

ఇల్లంతా పకపకా నవ్వింది. పెద్దత్త కూడా నవ్వు ఆపుకోలేక, ఆ పూటకి ఆ సంగతి వదిలేసింది. అత్త మాత్రం నవ్వకుండా నా వైపు తిరిగి, “నిజవేటిరా?” అంది.

“నిజమే అత్తా” అన్నాను. దానికి అందరూ ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ మాట నిజమని మా ఇంట్లో బావకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. (ఈ పేజీ అత్త కంటబడకుండా చూసే పూచీ బావది.) అన్నేళ్ళు కష్టపడి నోటిదూల వాడన్న పేరు తెచ్చుకున్న ఆ కుర్రాడు, ఒక్కసారి నిజం చెప్పేసరికి అందరూ అదీ జోకే అనుకుని నవ్వుతుంటే, వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాడు పాపం.