కంట్రోల్ జయరాజు

డాక్టర్ జయరాజుకు ఒకే ఒక్క జబ్బు. ఏ పని చేయాలన్నా రెండు వస్తువులు తీసుకుంటాడు. ఒకదానికి ఆ పని చేస్తాడు, రెండోదానికి ఏమీ చేయడు. ఆ ఏమీ చేయనిదాన్ని 'కంట్రోల్' అంటాడు. అది పక్కన లేకపోతే, మనం చేసినదానివల్ల మేలు జరిగిందో, దానంతటదే జరిగిందో ఎలా తెలుస్తుందన్నది అతని వాదన. ప్రయోగశాలలో ఈ పద్ధతిని ఎవరూ తప్పుపట్టరు. జయరాజు మాత్రం దాన్ని అక్కడే వదిలి రావడం రోజూ మరిచిపోతాడు.

కొత్త చెప్పులు కొన్నప్పుడు కుడికాలికి కొత్తది, ఎడమకాలికి పాతది తొడుక్కుని గద్వాల బజారంతా తిరిగాడు. చెప్పుల దుకాణం ఆయన చూసి కంగారుపడ్డాడు.

"రెండోది యాడ పోయింది సారూ?"

"ఇంట్ల ఉంది. మడమ నొప్పి ఏ కాలికి తగ్గుతదో చూస్తున్న."

"తగ్గిందా మరి?"

"ఎచ్చుతగ్గుగ నడిచి నడిచి రెండు కాళ్లకూ వచ్చింది."

చదువుకునే రోజుల్లో తల్లి శాంతమ్మను కూడా వదల్లేదు. "అమ్మా, మొదటి పేపరుకు ప్రార్థన చెయ్, రెండోదానికి చెయ్యకు" అని చెప్పి పరీక్షకు పోయాడు. ఆమె తలూపి, కొడుకు గడప దాటగానే రెండింటికీ చేసింది. రెండూ పాసయ్యాడు. ప్రయోగం పాడైపోయిందని ఆ వారమంతా ఆమెతో ముభావంగా ఉన్నాడు.

పెళ్లిచూపులకు నాగర్‌కర్నూల్ వెళితే మిరపకాయ బజ్జీలు పెట్టారు. ఒకటి తిని, "బాగుందండీ. మిరపకాయ లేకుండ ఒకటి ఏస్తరా?" అన్నాడు. లోపలి గదిలోంచి అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆమె తండ్రికి నవ్వు రాలేదు.

ఇలాంటి మనిషితో కలిసి కంపెనీ నడిపే యోగం పూర్ణిమకు పట్టింది. ఆమెది గద్వాలలో మగ్గాల ఇల్లు. ఎంబీఏ చదివింది. జయరాజు హైదరాబాద్‌లో ఏళ్లతరబడి పరిశోధన చేసి, రేకుల కప్పు మీద వేస్తే ఎండ వేడిని వచ్చినదారినే తిప్పి పంపే తెల్లటి పూత తయారుచేశాడు. తోటివాళ్లంతా పట్టాలు పట్టుకుని ఉద్యోగాలకు పోతే, ఇతను పూత డబ్బాలు పట్టుకుని గద్వాల వచ్చి 'సల్లనీడ' అనే కంపెనీ పెట్టాడు. పుట్టి పెరిగింది ఇటిక్యాల కూలీల వాడలో, రేకుల కింద. ఆ వేడి ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

కంపెనీ అంటే రెండు రేకుల గదులు. ముందు గది కప్పుకు పూత ఉంది. అందులో పూర్ణిమ, ఆమె బల్ల. వెనక గదికి పూత లేదు. అందులో జయరాజు, అతని మంచం, మంచం కింద అమ్ముడుపోని పూత డబ్బాలు.

"అన్నా, గిన్ని డబ్బాలు నీ మంచం కిందనే ఉన్నయి. నీ రేకులకు గూడ జర ఏసుకోరాదు?" అనేది పూర్ణిమ.

"మరి కంట్రోల్ చెల్లె?"

చాయ్ దగ్గరా అదే వరస. ఎదురుగా మాసయ్య హోటల్ నుంచి రోజూ రెండు గ్లాసులు వచ్చేవి, ఒకటి మలాయి వేసి, ఒకటి ఉత్తది. మలాయిది పూర్ణిమ ముందు పెట్టేవాడు. "తాగి చెప్పు, పనిల హుషారు పెరిగిందా లేదా" అని అడిగి, తాను ఉత్త చాయ్ ఊదుకుంటూ తాగేవాడు. మాసయ్యకు ఇది అంతుపట్టేది కాదు. "రెండిట్ల మలాయి ఏస్త సారూ, గంతదానికి నాకేమన్న నష్టమా?" అంటే, "ఏస్తే అంత ఆగమైతది మాసన్నా" అని భయపడిపోయేవాడు. వాన వస్తే ఉన్న ఒక్క గొడుగు పూర్ణిమ చేతిలో పెట్టి, తాను పక్కన తడుస్తూ నడిచేవాడు. గొడుగు పనిచేస్తున్నదీ లేనిదీ తేలాలంటే ఒకరు తడవాలి కదా.

"మా జయరాజన్నకు సైన్సు నెత్తికెక్కిందే" అని పూర్ణిమ ఇంట్లో తల్లితో చెప్పి నవ్వేది.

నవ్వు ఆగిపోయే రోజు రానే వచ్చింది. కొత్త కంపెనీలకు పెట్టుబడి ఇచ్చే హైదరాబాద్ సంస్థ ఒకటి, మే నెలలో వచ్చి చూస్తామంది. ఒకే మాట గట్టిగా చెప్పింది. పూత ఉన్న ఇల్లు, లేని ఇల్లు రెండూ చూపించాలి. తేడా కనబడితే పెట్టుబడి, లేదంటే లేదు. అది రాకపోతే సల్లనీడకు తాళమే. పూర్ణిమ వనపర్తిలో ఏదో ప్రైవేటు బడిలో టీచరమ్మ అవుతుంది. జయరాజు ఏమవుతాడో ఎవరూ చెప్పలేరు.

ఇటిక్యాల వాడలో ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్లు ఎంచుకున్నారు. చీటీ తీస్తే పూత ఈరన్న ఇంటికి వచ్చింది. పక్కింటి సరోజకు కోపం వచ్చింది.

"నా ఇల్లు ఏం పాపం జేసింది సారూ? ఆ ముసలోడు పగటీలి దుప్పటి కప్పుకుంటుండు. నేను కొంగుతోని ఇసురుకుంటున్న."

"అక్కా, నీ ఇల్లు కంట్రోల్. నీ ఇల్లు లేకుంటే ఈరన్న ఇంటికి ఇలువే లేదు."

ఆ మాట సరోజకు తెగ నచ్చింది. ఆ రోజు నుంచి ఈరన్నతో నీళ్ల దగ్గర తగువైనా, కోళ్ల దగ్గర తగువైనా, "నా ఇల్లు లేకుంటే నీ ఇంటికి ఇలువ లేదు, సారే చెప్పిండు" అని ముగించేది. ఈరన్న తన కోళ్లను తోలుకుని ఇంట్లోకి పోయేవాడు.

అంతలో సరోజ కూతురు పావని కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పిల్లవాడు అనుకున్నదానికంటే ముందే పుట్టాడు, నడి ఎండాకాలంలో. పెద్దమనుషులు వచ్చే ముందురోజు జయరాజు, పూర్ణిమ వేడి కొలవడానికి వెళ్లేసరికి, ఒళ్లంతా చెమటకాయలతో పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుని ఉన్నాడు.

"గోడ అవతల ఈరన్న ఇల్లు సల్లగుంది గద, ఆడ పండుకోబెట్టరాదు?" అంది పూర్ణిమ.

"పురుడు ఎల్లందే బాలింత ఇంకొకరి గడప తొక్కదు బిడ్డా" అంది సరోజ. తర్వాత జయరాజు వైపు తిరిగి, "రేపు పెద్దోళ్లు వచ్చి పోయినంక మాకూ ఏస్తరు గద సారూ. అందాక ఓర్సుకుంటం" అంది.

జయరాజు చేతిలోని థర్మామీటరును చాలాసేపు చూశాడు కానీ, అందులో ఎంత ఉందని పూర్ణిమ అడిగితే చెప్పలేకపోయాడు.

మర్నాడు హైదరాబాద్ బండి ఇటిక్యాలకు వచ్చింది. అందులోంచి ఒక ప్రొఫెసర్ మేడం, టై కట్టుకున్న ఒక పెద్దమనిషి దిగారు. వెంట వచ్చిన పూర్ణిమ తలెత్తి చూసి అక్కడే ఆగిపోయింది. రెండు కప్పులూ మల్లెపూవులా మెరుస్తున్నాయి. వాకిట్లో జయరాజు నిలబడి ఉన్నాడు, జుట్టులో తెల్లటి పూత.

"ఇందులో పూత లేని ఇల్లు ఏది?" అన్నాడు టై పెద్దమనిషి.

"నిన్నటిదాక ఇది సార్. ఇయ్యాల పొద్దుగాల్నే నేనే ఏసిన."

"మేం వస్తున్నామని తెలిసి కూడానా?"

"మీరొస్తున్నరని పిల్లగానికి తెల్వదు గద సార్."

లోపల పిల్లవాడు హాయిగా నిద్రపోతున్నాడు. టై పెద్దమనిషి బండి వైపు రెండడుగులు వేశాడు. పూర్ణిమకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చెప్పులకు, బజ్జీలకు, చాయ్‌కి కంట్రోల్ పెట్టిన మనిషి, కంట్రోల్ నిజంగా కావలసిన ఈ ఒక్కరోజే దాన్ని తన చేత్తో చెరిపేశాడు. తిట్టబోయి అతని వైపు చూసింది. వచ్చినవాళ్లందరినీ సరోజ ఇంటి చూరు నీడలోకి జరిపి, జయరాజు ఎండలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు పెట్టాడో, ఉన్న ఒక్క గొడుగు పూర్ణిమ చేతిలో ఉంది.

ఆ గొడుగును చూసుకుంది. మలాయి గ్లాసు గుర్తుకొచ్చింది. తన ముందు గది గుర్తుకొచ్చింది. ఇన్నాళ్లూ జయరాజు పెట్టిన ప్రతి కంట్రోల్‌లోనూ, ఏమీ దొరకని వైపు ఉన్నది ఒకే మనిషి. చీటీ పుణ్యమా అని మొదటిసారి ఆ వైపు ఇంకొకరు పడ్డారు. అది అతను ఓర్చుకోలేకపోయాడు.

"సార్, కంట్రోల్ గద్వాలల ఉంది, ఇవే రేకులు. రండి, చూపిస్త" అంది పూర్ణిమ.

జయరాజు హడలిపోయాడు. "అది వద్దు చెల్లె. గది సదురలేదు."

సర్దని గదిలోనే అందరినీ కూర్చోబెట్టింది. గోడకున్న యంత్రం, జయరాజు అలవాటు కొద్దీ బిగించినది, కంపెనీ పుట్టినప్పటినుంచి ఆ గది వేడిని అంకెల్లో దాచుకుంటూ వచ్చింది. దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది. టై పెద్దమనిషి ముందు టై వదులు చేశాడు, తర్వాత విప్పాడు, తర్వాత దాంతోనే విసురుకున్నాడు.

"ఈ గదిలో ఎవరుంటారు?" అని అడిగింది మేడం.

"నేనే మేడం. కంట్రోల్‌కు."

"ఇది కంట్రోల్ కాదయ్యా, శిక్ష" అంటూ ఆమె లేచి ముందు గదిలోకి నడిచింది. అప్పటికే టై పెద్దమనిషి అక్కడ పూర్ణిమ కుర్చీలో కూర్చుని, ఇక లేచే ఉద్దేశం లేనట్టు కళ్లు మూసుకున్నాడు. యంత్రంలోని అంకెలు ఆ తర్వాత తీరిగ్గా, చల్లగా చూశారు.

పెట్టుబడి వచ్చింది, ఒక షరతుతో. ఇకమీదట కంట్రోల్ గదుల్లో మనుషులు ఉండరాదు.

"మరి నేను యాడ పండాలె మేడం?" అన్నాడు జయరాజు దిగులుగా.

"పూత వేసుకుని పడుకో."

అతను వేసుకోడని తెలిసి, పూర్ణిమే కొంగు బిగించి నిచ్చెన ఎక్కింది. ఇటిక్యాలలో సరోజ మాత్రం ఇంకా అలకలోనే ఉంది. "పిల్లగాడు సల్లగనే ఉన్నడు సారూ. నా ఇంటి ఇలువే పాయె. ఈరన్న ముంగట ఇప్పుడేం మాట్లాడాలె?"

మర్నాడు మాసయ్య రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. జయరాజు చెయ్యి చాచేలోపే పూర్ణిమ ఉత్త చాయ్ అందుకుంది.

"ఇయ్యాల్టి సంది నేను కంట్రోల్."

జయరాజు మలాయి గ్లాసును, తనది కాని వస్తువును చూసినట్టు చూశాడు. గుమ్మంలో మాసయ్య ఆగిపోయాడు. జయరాజు ఒక గుక్క తాగి, మీసాల మీది మలాయి తుడుచుకోకుండా గ్లాసులోకి తొంగిచూశాడు.

"ఎట్లుంది అన్నా? హుషారు పెరిగిందా?"

"ఒక్కసారికే ఎట్ల చెప్త చెల్లె" అన్నాడు జయరాజు గంభీరంగా. "రేపు గూడ తాగి చూడాలె."