ఊఁ కొట్టని మిషను

1997. విశాఖలో మా యూనివర్సిటీకి లాంగ్వేజ్ ల్యాబ్ కొత్తగా వచ్చింది. చెక్క గూళ్లలో ఒక్కొక్కరూ కూర్చుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, క్యాసెట్‌లో విన్న ఇంగ్లీషుని తిరిగి పలకాలి. ఆ ల్యాబ్‌కి కర్తా కర్మా క్రియా నేనేనని ఇప్పటికీ చెప్పుకు తిరుగుతాను. నిజానికి ఇంగ్లీషు లెక్చరర్‌గా నా దగ్గరుండేవి దాని తాళాలే.

అప్పట్లో లెర్నింగ్ స్టైల్స్ అంటే మాకు మోజు. ఎవరికి ఏ దారిన చదువెక్కుతుందో కనిపెట్టడమన్నమాట. చూసి నేర్చేవాళ్లు విజువల్, విని నేర్చేవాళ్లు ఆడిటరీ. సముద్రం ఒడ్డున జాలరిపల్లె యారాడ నుంచి వచ్చే పోలమ్మని రెండు ప్రశ్నలడిగి, ఆడిటరీ అని తేల్చి గూట్లో కూర్చోబెట్టాను. రాతలో క్లాసుకి ఫస్టు. నోటి పరీక్ష మాత్రం ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి గోపాలపట్నంలో బట్టల షాపులో పెడతానన్నాడు మేనమామ.

నెల గడిచినా ఆ గూట్లోంచి చప్పుడు లేదు. పిలిచాను.

“పాడైంది మిషనా, నువ్వా?”

“మిసను బాగానే ఉందండి. అది ఊఁ అనదు కదండి.”

“ఊఁ అనడమేటి?”

“కాలేజీలో సెప్పింది ఇంటికొచ్చి మా నాన్నకి సెప్పీదాన్నండి, ఇంగిలీసులోనే. వల బాగుసేసుకుంటా ఊఁ అనీవోడు.”

“ఆయనకి ఇంగ్లీషొచ్చా?”

“ఒక్క ముక్క రాదండి. తప్పు సెప్పినా ఊఁ అనీవోడు.” హెడ్‌ఫోన్స్ తీగ వేలికి చుట్టుకుంది. “మా నాన్న సేపలేటకెల్లిన పడవ తిరిగి రాలేదండి. అప్పట్నుంచీ నాకు నోరు పెగల్దు.”



పరీక్షలో బయటి ఎగ్జామినర్ పక్కన నేనూ కూర్చున్నాను. నేను నోరు విప్పకూడదు, అది రూలు. మీ ఊరి గురించి చెప్పమన్నాడాయన. పోలమ్మ ఒక్క వాక్యం చెప్పి ఆగిపోయింది. ఆయన మార్కులెయ్యడానికి కలం తీశాడు.

కిటికీ వైపు చూస్తూ “ఊఁ” అన్నాను.

రెండో వాక్యం వచ్చింది. మళ్లీ ఊఁ. కొండ, ఒడ్డు, వలలు, ఒక్కొక్కటీ వచ్చాయి. అడ్డు చెప్పబోయిన ఎగ్జామినర్‌ని ఒక్క చూపుతో ఆపేశానని చాలామందికి చెప్పాను. కోతలు. ఆయన వైపు చూస్తే ఒట్టు, నా కళ్లు కిటికీ మీదే. ఆ పిల్ల తిరిగిరాని పడవ దాకా వచ్చేసరికి, ఊఁ అన్నది ఆయనే.

పాసైంది. వరండాలో, మెచ్చుకుంటుందని ఆశపడి అడిగాను.

“ఎలా ఉందమ్మా నా ఊఁ?”

“బాగానే ఉందండి. కాపోతే మీరు తొందరపడిపోతన్నారు. మా నాన్న మాట మొత్తం అయ్యీదాకా ఆగీవోడండి.”

ఆ తర్వాత రిటైరయ్యేదాకా గూటికి ఇద్దర్ని కూర్చోబెట్టాను, ఒకరు చెప్పడానికి, ఒకరు ఊఁ కొట్టడానికి. ఆగడం మాత్రం నాకింకా సరిగ్గా రాలేదు.