పెద్దమ్మ కాళ్ళ ఫోటో

ఆ రోజుల్లో మనిషిని అందంగా చూపించడాన్ని మించిన విద్య లేదని నా నమ్మకం. రాజోలులో ఒక ఫోటో స్టూడియోలో మూడేళ్ళు పనిచేసి, ఒరిగిన భుజాలు సరిచేయడం, పొట్ట లోపలికి పీల్చమనడం, మెడ కొంచెం పక్కకి తిప్పించడం బాగా వంటబట్టించుకున్నాను. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లొచ్చి స్టూడియో మూతపడ్డాక ఎక్స్‌రే కోర్సు చదివి, అమలాపురంలో ఒక స్కానింగ్ సెంటర్లో చేరాను. పని మారింది గానీ బుద్ధి మారలేదు. నేను తీసిన ఎక్స్‌రే చూసి మనుషులు మురిసిపోవాలని ఉండేది (తన ఎముకలు చూసుకుని మురిసిపోయే మనిషి ఎక్కడా ఉండడని నాకెవరూ చెప్పలేదు).

అలాంటి నా దగ్గరికి కాట్రేనికోన నుంచి మా పెద్దమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచీ నెత్తిన చేపల బుట్ట పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునేది. కొన్నాళ్ళుగా మోకాళ్ళ నొప్పులు, పైగా కాళ్ళు బయటికి వంగిపోయాయి. నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా రెండు కాళ్ళకీ పొడుగాటి ఎక్స్‌రే తీయమని డాక్టరుగారు రాశారు. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకి గీత గీస్తే అది మోకాలి నడిమి నుంచి పోవాలి. ఎంత పక్కకి పోతే కాలు అంత వంకరన్నమాట. ఆ కొలతను బట్టే వైద్యం.

పెద్దమ్మ మొహానికి పౌడరు రాసుకుని, జరీ అంచు చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని మరీ వచ్చింది. నడుం కిందే తీస్తామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చీర మార్చి గౌను వేసుకోమన్నప్పుడు చిన్నబుచ్చుకుంది. స్టాండు ఎక్కాక తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"వంకర కనబడనియ్యకురా అబ్బాయ్. డాక్టరుగారు చూసేరంటే బుట్ట దింపెయ్యమంటారు. ఇంట్లో కూర్చుని నేనేం చెయ్యను?"

ఇంకేముంది, నాలోని స్టూడియోవాడు లేచాడు. పాదాలు లోపలికి తిప్పించాను, మోకాళ్ళు దగ్గరికి జరిపించాను. నొప్పి ఎక్కువగా ఉన్న కాలి మీద బరువు వెయ్యకుండా పక్కనున్న కడ్డీ పట్టుకోమన్నాను. అలవాటు కొద్దీ నవ్వమని కూడా అన్నాను. పాపం, నవ్వింది. ఫిల్ము చూడముచ్చటగా వచ్చింది. డాక్టరుగారు గీత గీసి, వంకర అనుకున్నంత లేదంటూ మాత్రలు రాశారు. ఆయన ఏం చెప్పినా ఆవిడ "ఆయ్, అలాగేనండి" అంటూ తలూపి, సంతోషంగా బస్సెక్కింది. ఆ వారం ఆవిడ పంపిన చందువా చేపల పులుసు రెండు పూటలా తిన్నాను. ఎంత గర్వమో నాకు.

ఆరు నెలల తర్వాత ఆవిణ్ణి ఇద్దరు పట్టుకుని ఆటోలోంచి దింపారు. ఈసారి ఎక్స్‌రే మా సీనియర్ తీశాడు, మోకాలి చిప్పలు ఎదురుగా చూసేలా, రెండు కాళ్ళ మీదా సమంగా బరువు పడేలా. గీత మోకాలిని తాకనే లేదు, లోపలి పక్కనుంచి పోయింది. సీనియర్ పాత ఫిల్ము తెచ్చి పక్కన పెట్టాడు. అందులో చిప్పలు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. అప్పుడే తెలిసుంటే ఎముకను కొంచెం కోసి తిన్నగా పెడితే సరిపోయేదనీ, ఇప్పుడు కీలే మార్చాలనీ డాక్టరుగారు అన్నారు. అలా నిలబెట్టింది నేనేనని ఆయన ముందు ఒప్పుకున్నాను. పడాల్సిన తిట్లన్నీ పడ్డాయి, ఎందుకో ఉద్యోగం మాత్రం మిగిలింది.

బయట బల్ల మీద కూర్చున్న పెద్దమ్మకి అంతా చెప్పేశాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అడిగింది నేను కదా నాన్నా. నీ మూలంగా ఇంకో ఆర్నెల్లు తిరిగేను."

ఆపరేషన్ బాగానే జరిగింది. బరువులు మాత్రం ఇక ఎత్తకూడదన్నారు. కొన్ని నెలలకి మళ్ళీ కొలత చూడాలని పంపితే, ఈసారి నేనే తీశాను, చిప్పలు ఒకటికి నాలుగుసార్లు సరిచూసుకుని. గీత సరిగ్గా మోకాలి నడిమి నుంచి పోయింది. సంబరంగా ఆవిడకి తెర మీద చూపించాను. పెద్దమ్మ ఆ గీత వెంట పైనుంచి కిందదాకా వేలు పోనిచ్చింది.

"తిన్నగానే ఉన్నాయిరా. ఇప్పుడు వీటితో ఎక్కడికెళ్ళను?"

టీ తాగుతావా పెద్దమ్మా అని అడిగాను. కుర్రాడిగా ఉన్న అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇన్నేళ్ళయినా అంతకన్నా మంచి జవాబు నాకూ దొరకలేదు.