మావయ్య తొమ్మిదో లెవెల్

కట్టు విప్పించుకొచ్చిన రోజు మావయ్య కుడిచెయ్యి చూసి నాకు భయమేసింది. రెండు నెలలు సిమెంటు కట్టులో ఉండి పాలిపోయి, చిక్కిపోయి, ఎవరిదో చెయ్యి తెచ్చి అతికించినట్టుంది. బందరు రోడ్డులో మోపెడ్ మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది, ఇక పని చేసుకోవచ్చు అన్నారు డాక్టరు గారు. ఏం పని అని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

మావయ్యది పెడనలో ఓ షెడ్డులో కలంకారీ అచ్చులు వేసే పని. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. దాని పక్కన ఇంకోటి. ఈ తీగ ఆ తీగకి ఎక్కడ కలిసిందో వెతికినా కనపడకూడదు. గీతలు కొట్టుకోవడాలూ గుర్తులు పెట్టుకోవడాలూ ఉండవు, అంతా కంటి లెక్కే. ఒక్క అచ్చు వెంట్రుకవాసి జరిగిందా, ఆ గుడ్డంతా దండగ. ఆ షెడ్డులో మొదటి బల్ల ఎన్నో ఏళ్ళుగా మావయ్యదే.

అలాంటి మనిషి కాబట్టే, నా చిన్నప్పుడు మా బందరు ఇంట్లో వీడియో గేమ్ కొంటే ఇటుకల ఆటకి అతుక్కుపోయాడు. పైనుంచి రకరకాల ముక్కలు పడుతుంటే సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది. పది వరసలకో లెవెల్ పెరుగుతుంది, ముక్కలు ఇంకాస్త జోరుగా పడతాయి. కారు ఆటలూ తుపాకీ ఆటలూ ఆయన ముట్టుకునేవాడే కాదు. ఆదివారాలు అత్తయ్యతో మా ఇంటికొచ్చి, భోజనం చేసి ఇటుకల ముందు కూర్చున్నాడంటే తొమ్మిదో లెవెల్ చూసే లేచేవాడు. నేను నాలుగులోనే చచ్చేదాన్ని. "సందు వదిలావంటే అయిపోయావే అమ్మడూ" అని నెత్తిన ఓ మొట్టికాయ వేసేవాడు. ఒళ్ళు మండిపోయేది నాకు.

కట్టు విప్పిన వారంలోనే షెడ్డుకి పెద్ద ఆర్డరు వచ్చింది. యజమాని గారు స్వయంగా ఇంటికొచ్చారు. "సోమవారం పొద్దున్న మొదలెట్టాలి. నువ్వు చేస్తానంటే బల్ల నీదే, ఇంకో మాట లేదు. చెయ్యలేనంటే వేరే మనిషిని పెట్టుకుంటా. శనివారం సాయంత్రానికి చెప్పెయ్యి" అన్నారు. ఆయన మావయ్య మాట మీద అంత నమ్మకం పెట్టడంతోనే చిక్కొచ్చిపడింది. మావయ్య అబద్ధం ఆడలేడు. నిజమేమిటో ఆయనకే తెలియదు.

నేనప్పుడు గుడివాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సెలవులకి పెడనలో మావయ్య వాళ్ళింట్లోనే ఉన్నాను.

"నొప్పి లేదే. కన్ను చూసిన చోటికి చెయ్యి టయానికి వెళ్తుందా లేదా, అదే అంతు పట్టట్లేదు" అన్నాడు మావయ్య నాతో.

"పోనీ ఓ అచ్చు తెచ్చుకుని ఇంట్లో వేసి చూడు."

"అచ్చులు షెడ్డు గడప దాటవు. అక్కడికెళ్ళి వేస్తే అందరూ పనులాపి నా చేతికేసే చూస్తారు. బాగున్న చెయ్యి కూడా వణుకుద్ది." అంతలోనే, "మీ ఇంట్లో ఆ ఇటుకల ఆట ఉందా ఇంకా?" అని అడిగాడు.

ఎక్కడుంది! బందరు ఉప్పుగాలికి లోపలంతా చిలుమెక్కితే అమ్మ ఎప్పుడో పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. ఊళ్ళో గేమ్ షాపులన్నీ ఇంటర్నెట్ సెంటర్లైపోయాయి. కానీ నేను ఊరుకుంటానా? చదువుకుంటున్నదాన్ని కదా. గుడివాడలో నా క్లాస్‌మేట్ వాళ్ళన్నయ్య దగ్గర కొత్త గేమ్ బాక్స్ ఉంది, పాత మెషిన్ల ఆటలన్నీ అందులో ఆడించే డిస్కూ ఉంది. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళి, ఆయన్ని బతిమాలి, బాక్సుని తువ్వాలులో చుట్టుకుని తెచ్చాను. "అదే ఆట మావయ్యా, ఇసుమంత తేడా లేదు" అన్నాను. ఒట్టేసి మరీ అన్నాను.

గురువారం మధ్యాహ్నం టీవీ ముందు చాప వేసుకుని కూర్చున్నాడు. "శనివారం సాయంత్రంలోపు తొమ్మిదో లెవెల్ చూశానా, బల్ల దగ్గరికెళ్తా. చూడలేదా, వెళ్ళను."

అత్తయ్య బియ్యం చేట పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "ఎవరైనా ఆట మీద పెడతారా అండీ పనిని?"

"నా చెయ్యి సంగతి నాకు తెలియాలి కదే."

ఆట పాట మొదలైంది. "ఇదేంటి, ఇంత హడావిడిగా మోగుతోంది?" అంది అత్తయ్య.

"కొత్తది కదత్తయ్యా, క్లియర్‌గా వినపడుతుంది" అని కసిరాను. ఆ కసిరిన గొంతు నాకిప్పటికీ వినపడుతుంది. నా మొహం, నాకేం తెలుసని కసిరాను?

మొదటి ఆట ఐదో లెవెల్లో పోయింది. ఆడి చాలా కాలమైంది కదా అని నవ్వాడు. రెండోదీ ఐదులోనే పోయింది. మూడోది ఆరు. అప్పటికి నవ్వడం మానేశాడు. ఏ ముక్క ఎక్కడ పడాలో ఆయనకి తెలుస్తూనే ఉంది, "ఎడమకి, ఎడమకి" అని పైకే అంటున్నాడు. వేలు నొక్కేసరికి ముక్క కిందకి దిగిపోయి పక్క వరస మీద కూర్చుంటోంది. "చూశావా? చెయ్యి వెనకబడుతోంది" అన్నాడు. "ప్రాక్టీసు లేక మావయ్యా, ఆడగా ఆడగా వస్తుంది" అన్నాను ధైర్యం చెబుతున్నాననుకుని.

శుక్రవారమంతా ఆడాడు. మధ్యమధ్య లేచి మణికట్టుకి కొబ్బరినూనె రాసుకోవడం, వేడినీళ్ళలో పెట్టుకోవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. సాయంత్రానికి ఏడు చూశాడు. అన్నం సరిగ్గా తినలేదు.

శనివారం నాలుగింటికి ఎనిమిదిలోకి వెళ్ళాడు. టీవీ కేసి ఒకసారి, కరెంటు పోతుందేమోనని ఫ్యాను కేసి ఒకసారి చూస్తున్నాను. అత్తయ్య మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోస్తానని మొక్కుకుంది. ఇంకో నాలుగు వరసలు పోతే తొమ్మిది. పొడుగు ముక్క ఒకటి వస్తే నాలుగూ ఒక్కసారే పోతాయి. వచ్చింది. మావయ్య వేలు కదిలింది. ముక్క ఒక్క గడి ఇవతల పడింది. ఆ పైన పడ్డవన్నీ గుట్టగా పేరుకుపోయాయి.

మావయ్య జాయ్‌స్టిక్ చాప మీద పెట్టి తన అరచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. లేచి చొక్కా తగిలించుకుని వెళ్ళాడు. అరగంటలో తిరిగొచ్చి, "చెప్పేశా" అన్నాడు. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆదివారం పొద్దున్న బాక్స్ తిరిగి ఇచ్చేయడానికి గుడివాడ వెళ్ళాను. ఆ అన్నయ్య అన్నీ పనిచేస్తున్నాయో లేదోనని టీవీకి తగిలించి చూస్తూ, "ఏ ఆట ఆడారు? ఇటుకలా? ఇది అరవైలో ఉంచి ఆడారేంటి?" అన్నాడు. తెర మీద ఏదో మార్చాడు. అంతే, పాట నెమ్మదించింది. అది మా బందరు ఇంటి పాట. ఆదివారం మధ్యాహ్నాల పాట.

"మన పాత మెషిన్లు మన టీవీల లెక్కకి చేసినవి, సెకనుకి యాభై బొమ్మలు. ఈ డిస్కు వేరే దేశం లెక్క, అరవై. ఆట ఆ మేరకి స్పీడుగా నడుస్తుంది" అన్నాడు తాపీగా.

"ముందే చెప్పొద్దా అండీ!" అని అరిచాను.

"నువ్వు అడిగావా?"

అడగలేదు. నాకన్నీ తెలుసు కదా! ఆయన వద్దంటున్నా వినకుండా బాక్స్ మళ్ళీ తువ్వాలులో చుట్టాను. సోమవారం పొద్దున్నే కదా పని మొదలయ్యేది, ఇంకా టైముంది. మధ్యాహ్నం పాసింజరు ఊరి బయట సిగ్నల్ దగ్గర ఆగిపోతే దిగి పరిగెత్తుదామా అనిపించింది. పెడన స్టేషన్ నుంచి నిజంగానే పరిగెత్తాను.

జరిగిందంతా చెప్పి, మార్చాల్సింది మార్చి, "ఇప్పుడు ఆడు" అన్నాను. మావయ్య కాదనలేదు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. వేళ్ళు నా చిన్నప్పటిలాగే ఆడుతున్నాయి, ఎక్కడా సందు లేదు. తొమ్మిది వచ్చింది. పదీ వచ్చింది. నేను గెంతులేశాను.

"ఎంత తగ్గించావే?" అన్నాడు.

"తగ్గించలేదు మావయ్యా, పాతదాని స్పీడే ఇది!"

"మొన్న కూడా ఇసుమంత తేడా లేదన్నావు."

అత్తయ్య ముందుకొచ్చింది. "అది చెప్పేది నిజమేనండీ. ఆ రోజే అన్నాను కదా, పాట హడావిడిగా మోగుతోందని."

మావయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కోపం ఏమీ లేదు, నవ్వుతున్నాడు. "ఇద్దరూ బాగానే కూడబలుక్కున్నారు" అన్నాడు.

పాతది ఒకటి తెచ్చి పక్కన పెట్టి చూపిద్దామంటే ఎక్కడా లేదు. యాభై అన్నాను, అరవై అన్నాను, కాగితం మీద లెక్క వేశాను, ఒట్టేయబోయి ఆగిపోయాను. మొన్న వేసిన ఒట్టు ఉండనే ఉంది. చేతకాక, నా మీద నాకే అసహ్యం వేసి, బావురుమన్నాను. ఆ ఏడుపుతో, తన కోసమే స్పీడు తగ్గించి అబద్ధం ఆడుతున్నానని ఆయనకి పూర్తిగా నమ్మకం కుదిరింది.

"ఊరుకోవే అమ్మడూ, మావయ్యంటే ఎంత ప్రేమే నీకు" అని ఆ కుడిచేత్తోనే నా కళ్ళు తుడిచాడు. సోమవారం పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి, వేరేవాళ్ళు అచ్చు వేసిన గుడ్డల్ని కాలవలో జాడించే పని ఇప్పించమని అడిగాడు.