బాపు తల మీది లైటు

మా బాపును, అంటే కన్నతండ్రిని, పట్టపగలు, నలుగురి ముందు దొంగను చేసిన ఘనత నాదే. ఎలాగో చెబుతాను, నవ్వండి. పరువు అప్పుడే పోయింది, ఇప్పుడు కొత్తగా పోయేదేమీ లేదు.

ఇవాళ హైదరాబాద్ వీధుల బొమ్మలు వేస్తానని నాకు కాస్త పేరుంది గానీ, నేను వేసిన మొదటి వీధి గోదావరిఖని చౌరస్తా. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేనేం గీసి చూపించినా "మంచిగుంది బిడ్డా" అనేవాడు, అటు చూడకుండానే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన నా బొమ్మ ముందు ఆగాలి. అదే నా కోరిక.

అందుకని కాలనీ హాలులో పెట్టిన నా మొదటి ప్రదర్శనకు గోడంత బొమ్మ వేశాను. మొదటి షిఫ్టు దిగిన వేళ, మిర్చి బండ్లు, ఆటోలు, ఆ రద్దీలో ఇంటికొస్తున్న బాపు. టోపీ మీద లైటు ధగధగా వెలుగుతోంది. ఆ వెలుగు కోసమే మూడు రోజులు పసుపు రంగు కలిపాను మరి!

బాపు వచ్చాడు. బొమ్మ ముందు ఆగాడు.

ఆయనతో ఒకే షిఫ్టు చేసే మల్లయ్య కాక పక్కనే పగలబడి నవ్వాడు.

"ఏందే రాజన్నా, లాంపు ఇంటికి పట్కపోతున్నవా? ఛార్జిషీటు ఇస్తరే!"

"నేనెందుకు తెస్తనే? ఇన్నేండ్ల సర్వీసుల ఒక్కనాడన్న తెచ్చిన్నా?"

"బొమ్మల దొరికినవ్ గదనే!"

హాలంతా ఒకటే నవ్వు. పాపం, బాపు నిజంగానే సంజాయిషీ ఇచ్చుకుంటున్నాడు. నాకు ముక్క అర్థమైతే ఒట్టు.

"ఏమైంది బాపూ?"

"బాయి మీదికి రాంగనే లాంపు రూముల లైటు అప్పజెప్పాలె బిడ్డా. లేకుంటే మనిషి ఇంక లోపట్నే ఉన్నడని లెక్క. మళ్ల బాయిల దిగి దేవులాడుతరు."

రోజూ ఉత్త తలతో, టిఫిన్ డబ్బాతో గుమ్మంలోకి వచ్చే మనిషిని వదిలేసి, క్యాలెండరులోని కార్మికుణ్ని చూసి వేసిన మహాతల్లిని నేను!

"తుడిచేస్త బాపూ," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"వద్దు తియ్. మొఖమైతే నాదే." అందరూ చాయ్‌కి పోయాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు.

బాపు పోయి నాలుగేళ్లు. బొమ్మ నా గదిలో ఉంది. సరిచేద్దామని ఎన్నోసార్లు కుంచె పట్టాను, చెయ్యి ఆడలేదు. సాయంత్రమైతే చాలు, ఆ టిఫిన్ డబ్బా చప్పుడు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

కాబట్టి నా కుంచెల మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఏ కార్మికుణ్నీ లాంపు అప్పజెప్పకుండా బజారుకు తీసుకురాను. ఆ ఒక్క లైటు మాత్రం నేను అప్పజెప్పను. బాయి లెక్క ప్రకారం మా బాపు ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.